పదహారేళ్ల పిల్ల టైమింగ్‌తో ఎంత తెలుస్తుంది?

అమెరికా హైస్కూల్లో పరుగెత్తే అమ్మాయికి 1600 మీటర్లలో 5 నిమిషాలన్నది పెద్ద గీత. దాని లోపు వస్తే డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కాలేజీ కోచ్‌ల చూపు పడుతుంది. పదో తరగతి అయిన ఏడాది జూన్ 15 నుంచి కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడవచ్చు. అంటే ఎంపిక మొదలయ్యేదే పదిహేను, పదహారేళ్ల వయసు టైమింగ్‌ల మీద. అక్కడున్న మన తెలుగు తల్లిదండ్రులకు ఇది అలవాటైన లెక్కే: మంచి ర్యాంకుకు మంచి సీటు. నా దృష్టిలో ఆ పోలికే తప్పు.

ఆ వయసు ఎదుగుదల అబ్బాయిలకు వేగాన్నిస్తుంది. అమ్మాయిలకు అలా కాదు. ఒళ్లు మారుతుంది, బరువు పెరుగుతుంది. తొమ్మిదో తరగతిలో అందరినీ దాటిపోయిన పిల్ల పదకొండుకు వచ్చేసరికి అదే టైమింగ్ దగ్గర ఆగిపోవచ్చు, నాలుగు సెకన్లు వెనకబడవచ్చు కూడా. ఇంట్లో టెన్షన్ మొదలయ్యేది అప్పుడే. కానీ ఆ పిల్ల ఓడిపోవడం లేదు, పెద్దదవుతోంది. అది ఓర్చుకోలేక తిండి తగ్గిస్తే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు చిట్లవచ్చు.

మేరీ కెయిన్ 2013లో, 17 ఏళ్లకే, 800 మీటర్లు 1:59.51లో పరుగెత్తింది. అమెరికా హైస్కూల్ అమ్మాయిల్లో 2 నిమిషాల లోపు వచ్చింది ఆమే మొదట. కాలేజీ జట్టులో చేరకుండా నేరుగా ప్రొఫెషనల్ అయింది. బరువు తగ్గమన్న ఒత్తిడిలో మూడేళ్లు నెలసరి రాలేదని, ఐదు ఎముకలు విరిగాయని 2019లో ఆమే చెప్పింది. ఆ 1:59.51ని మళ్లీ దాటలేకపోయింది.

ఇప్పుడు కోర్ట్నీ ఫ్రెరిక్స్‌ని చూడండి. మిస్సోరీలో జిమ్నాస్టిక్స్, సాకర్ ఆడుతూ పెరిగిన పిల్ల. పరుగులో పెద్ద కాలేజీలు వెంటపడేంత పేరేమీ లేదు. సొంత రాష్ట్రంలోనే, కాన్సాస్ సిటీలోని యూనివర్సిటీలో చేరింది, తర్వాత న్యూ మెక్సికోకు మారింది. 2016లో స్టీపుల్‌చేజ్‌లో (అడ్డంకులు, నీటి గుంట దాటుతూ పరుగెత్తే పోటీ) కాలేజీ చాంపియన్, టోక్యో ఒలింపిక్స్‌లో రజతం. చిన్నప్పుడు అరిగిపోని కాళ్లే ఆమెకు కలిసొచ్చాయని నేను నమ్ముతాను.

టైమింగ్‌లకు విలువే లేదనడం లేదు. హైస్కూల్ రికార్డులు తిరగరాసిన కేట్లిన్ టూహీ నార్త్ కరోలినా స్టేట్‌లో చేరి 2022లో జాతీయ కాలేజీ క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాక గడ్డి, మట్టి దారుల్లో పరుగు) చాంపియన్ అయింది.

నాకు బెంగంతా ఇప్పటి పరిస్థితి మీదే. కాలేజీలు క్రీడాకారులకు నేరుగా డబ్బివ్వడం గురించి 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంలో చేరిన కాలేజీల్లో క్రాస్ కంట్రీ జట్టుకు 17 మందే పరిమితి. ఆలస్యంగా వికసించే పిల్ల కోసం ఒక చోటు అట్టిపెట్టే ఓపిక ఏ కోచ్‌కు ఉంటుంది? ఫ్రెరిక్స్ లాంటి అమ్మాయి ఈరోజు తలుపు తడితే తెరిచేవాళ్లు ఎందరు?

అందుకే, కోచ్‌తో ఫోన్లో మాట్లాడేటప్పుడు “మా అమ్మాయి ఇంకా ఎన్ని సెకన్లు తగ్గించాలి?” దగ్గరే ఆగకండి. మీ జట్టులో చేరిన అమ్మాయిల్లో నాలుగేళ్లూ పరుగెత్తినవాళ్లు ఎందరు, ఎముక గాయాలతో మానేసినవాళ్లు ఎందరు అని కూడా అడగండి.