ఖాళీ నోటుబుక్కులకు ఒక భాండాగారం కావాలి

కడప రచయితల ఇళ్లలో భద్రంగా ఉన్న ఖాళీ నోటుబుక్కుల మీద ఇప్పటిదాకా ఎవరూ పరిశోధన చేసినట్టు లేదు. రాసిన పుస్తకాల మీద మాత్రం పీహెచ్‌డీలు కుప్పలు తెప్పలు. రాసినదాన్ని చదివి నాలుగు మాటలు చెప్పడం ఎంతసేపు? అట్ట తెరిస్తే గమ్ము వాసన ఇంకా పోకుండా, రెండొందల పేజీల్లో ఒక్క సిరాచుక్క పడకుండా ఏళ్ల తరబడి ఒక నోటుబుక్కును కాపాడుకు రావాలంటే ఎంత నిగ్రహం కావాలి!

తప్పంతా మా ప్రాంతపు చరిత్రది. ఇక్కడివాళ్లకు మొదట్నుంచీ రాసే దురలవాటు ఉంది. తాళ్లపాక అన్నమయ్య (1408–1503) ముప్పైరెండు వేల సంకీర్తనలు చెప్పాడంటారు. వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. రాగిరేకును వాసన చూసి మురిసిపోవడానికి ఉండదు, చంకలో పెట్టుకుని సభకు పోవడానికి ఉండదు. పాటలు చెక్కడం తప్ప దాంతో ఇంకేం చేస్తారు పాపం. తాటాకుదీ అదే బతుకు. గంటంతో గీకి, గీతల్లో మసి రుద్దితేగానీ అక్షరం కనపడదు. అంత కష్టపు సామగ్రి చేతిలో ఉన్నవాడు కావ్యాలు రాయక ఏం చేస్తాడు?

తర్వాత 1820లో సి.పి. బ్రౌన్ దొర ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. కచేరీ పనేదో చూసుకోక బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, పురుగులు తింటున్న తాటాకుల్లోని పద్యాలను కాగితం మీదికి ఎత్తి రాయించాడు. దస్తాలకు దస్తాలు కొత్త కాగితం! ఒక్క దస్తా అయినా తెల్లగా దాచుకుందామని ఆ మనిషికి తోచలేదు. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరుమీదున్న గ్రంథాలయానికి వెళ్లినప్పుడల్లా నాకు ఆ కాగితమే గుర్తొచ్చి కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు రోజులు మారాయి. మా కవిమిత్రుడు, రిటైరైన తెలుగు అయ్యవారు, వై.వి. స్ట్రీట్‌లో నోటుబుక్కు ఎంచుకోవడం చూసి తీరాలి. ముందు నడుమ విప్పి కుట్టు బైండింగా, గమ్ము బైండింగా చూస్తాడు. తర్వాత కాగితం మూల రెండు వేళ్ల మధ్య పట్టి, రైతు దుక్కిలో పదును చూసినట్టు నలుపుతాడు. "యాభై ఎనిమిది జీఎస్ఎం. సిరా పెన్నుకు ఆగదు" అని పక్కన పెడతాడు. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. పల్చటి కాగితమైతే సిరా అవతలికి దిగుతుంది. ఒకసారి ఆయన ప్రేమ కవిత అలాగే వెనక పేజీలోని కరువు కవితలోకి దిగింది. రెండూ కలిపి చదివిన విమర్శకుడొకాయన దాన్ని బహుళార్థ సాధకం అన్నాడు.

"ఏం సార్, ముందుది అప్పుడే అయిపాయనా?" అన్నాడు అంగడాయన.

"అయిపోయేదానికి అదేమన్నా సబ్బా?" అని మావాడు నొచ్చుకున్నాడు.

ఇంటికి తెచ్చాక నాలుగు మూలలా పసుపు పెట్టాడు. చేతిరాత కుదురుకోవాలని మొదటి పేజీ వదిలేశాడు. రెండో పేజీలో పేరు, తేదీ. మూడో పేజీలో ఈ ఏడాది రాయబోయే పుస్తకాల పట్టిక: ఒక నవల, రెండు కవితా సంపుటాలు, ఆత్మకథ మొదటి భాగం. నాలుగో పేజీలో నవల మొదటి వాక్యం రాసి, నచ్చక కొట్టేశాడు. ఆ కొట్టివేత చూసేసరికి ప్రాణం ఉసూరుమంది. చించేద్దామంటే కుట్టు పుస్తకమాయె, ఇవతల ఒక కాగితం లాగితే అవతల దాని జత కాగితం ఊడి చేతికొస్తుంది. ఆ టెన్షన్‌తో రాత్రంతా నిద్రలేదు. తెల్లారి మళ్లీ వై.వి. స్ట్రీట్.

ఇంతకంటే పై మెట్టు వాళ్లు మోల్‌స్కిన్ తెప్పించుకుంటారు. నల్ల అట్ట, రబ్బరు పట్టీ, వెనక చిన్న జేబు. ఆ జేబులో ఒక కాగితం. హెమింగ్వే, పికాసోల చేతుల్లో ఉండిన నోటుబుక్కుకు ఇది వారసురాలని దాని సారాంశం. ఈ పేరుతో అవి మిలాన్‌లో మొదలైంది 1997లో, హెమింగ్వే పోయింది 1961లో. ఇలాంటివి తవ్వుకుంటూ కూర్చుంటే భక్తి నిలవదు. వీరబ్రహ్మం గారు కాలజ్ఞానం రాసి పాతిపెట్టారనీ, దాని మీదే చింతచెట్టు ఉందనీ బనగానపల్లెలో చెబుతారు. మావాళ్లు ఇంకొంచెం ముందుచూపుతో రాయకముందే బీరువాలో పాతేస్తున్నారు.

బీరువాకూ భద్రత లేదు. ఒక కథకుడు పుదుచ్చేరి నుంచి చేతికాగితపు నోటుబుక్కు తెచ్చుకున్నాడు. పేజీ పేజీకీ ఎండు పూరేకులు. తగిన ఇతివృత్తం దొరికేదాకా ఉండనిమ్మని పట్టుచీరల మధ్య, కలరా ఉండల పక్కన దాచాడు. ఇతివృత్తం ఇంకా వెతుకుతూ ఉండగానే ఇంటావిడ దాన్ని బయటికి తీసింది. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీలు, కూతురి పెళ్లిలో చదివింపులు, చీటీ వాయిదాలు రాసి చివరి అట్టదాకా నింపేసింది. పైగా, "పూరేకులకు పెన్ను తట్టుకుంటాంది. ఈసారి మామూలుది తీసుకురాండి" అందట. జరిగిన నష్టం అంచనా వేద్దామని నేనూ తిరగేశాను. ఒకచోట ఇలా ఉంది: "పాలామె చీటీ పాడుకొని ఊరిడిచి పాయ. వాళ్ల చెల్లెలు వచ్చి రెండు వేలు ఇచ్చె. తీసుకోబుద్ధి కాలేదు." కథకుడికి చూపిస్తే ఆయన కాగితం నాణ్యత ఎంత పాడైపోయిందో చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

ఇలాంటి అఘాయిత్యాలు ఆపాలని మొన్న ఆదివారం రచయితలం సమావేశమయ్యాం. బ్రౌన్ గ్రంథాలయం పక్కనే ఖాళీ నోటుబుక్కులకు ప్రత్యేక భాండాగారం కట్టాలి. లోపల ఏసీ ఉండాలి. సందర్శకులు పెన్నులు బయట వదిలి రావాలి. అందరూ ఒప్పుకున్నారు. తీర్మానం రాయాల్సి వచ్చేసరికి మాత్రం ఎవరి నోటుబుక్కు వాళ్లు గుండెలకు హత్తుకున్నారు. అధ్యక్షుడు తనది తీసినట్టే తీసి రబ్బరు పట్టీ సరిచేసుకున్నాడు. చివరికి మిరపకాయ బజ్జీలు వచ్చిన కాగితం దులిపి దానిమీద మొదలుపెట్టాం. "కడప రచయితల సుదీర్ఘ నిగ్రహాన్ని గుర్తించి" అనే దాకా బాగానే సాగింది. ఆ తర్వాత నూనె మరక మీద పెన్ను సాగలేదు. ఇంకో ప్లేటు బజ్జీలు చెప్పాం.