మీడియం మారితే ఇంగ్లిష్ వచ్చేస్తుందా?

పిల్లలకు ఇంగ్లిష్ మాతృభాషంత బాగా రావాలంటే ఒకటో తరగతి నుంచే ఇంగ్లిష్ మీడియం పెట్టాలనేవాళ్లు తరచూ సింగపూర్‌ను చూపిస్తారు. అక్కడ ఏం జరిగిందో కాస్త నిదానంగా చూడాలి. 1979లో అప్పటి సింగపూర్ ఉపప్రధాని గో కెంగ్ స్వీ బృందం ఇచ్చిన నివేదిక ప్రకారం, బడిలో చదివే భాష ఇంట్లో వినపడని పిల్లలు దాదాపు 85 శాతం. బడిలో నేర్పే రెండు భాషల్లో కనీస స్థాయి అందుకున్నవాళ్లు 40 శాతం కూడా లేరు. 1987 నుంచి బడులన్నిటిలో ఇంగ్లిషే ప్రథమ భాష. అయినా 2010 జనాభా లెక్కల్లో ఇంట్లో ప్రధానంగా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు 32.3 శాతమే. 2020కి 48.3 శాతం అయ్యారు. ఆఫీసులోనూ అంగట్లోనూ ఇంగ్లిష్ నడిచే చిన్న దేశానికే ఇంతకాలం పట్టింది.

మన దగ్గర గొడవంతా మీడియం చుట్టూనే తిరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టాలని 2019 నవంబరులో జీవోలు వచ్చాయి, 2020 ఏప్రిల్‌లో వాటిని హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగుగా పుస్తకాలూ వచ్చాయి. మరి పిల్లలు రోజుకు ఎంతసేపు నోరు విప్పి ఇంగ్లిష్ మాట్లాడుతున్నారు?

కోడి మీద పాఠం అనుకుందాం. ‘వాట్ డస్ ద హెన్ ఈట్?’ అని టీచర్ అడగ్గానే క్లాసంతా బట్టీ పట్టిన జవాబు ఒక్క గొంతుతో చెబుతుంది. ‘మీ ఇంట్లో కోడి ఉందా, ఏం చేస్తుంది?’ అని ఇంగ్లిష్‌లోనే అడిగితే గది నిశ్శబ్దం. అదే తెలుగులో అడగండి, గింజల దగ్గర్నుంచి పొదిగిన గుడ్ల దాకా చెప్పేస్తారు. ఆ తెలివంతా భాష దగ్గర ఆగిపోతోంది.

ఇంగ్లిష్ కావాలనే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. ఉన్నవాళ్లు తమ పిల్లలను కాన్వెంటుకు పంపి, కూలీ పిల్లలకు తెలుగు చాలనడం అన్యాయం. అందుకే ఇంగ్లిష్‌ను నిజంగా నేర్పాలి. సింగపూర్ ప్రాథమిక బడుల్లో టీచర్ పెద్ద అక్షరాల కథల పుస్తకం పట్టుకుని పిల్లలతో కలిసి చదువుతారు. ముందు కథ గురించి మాట్లాడిస్తారు, రాయడం తర్వాత. మన బడుల్లో లెక్కలు, పరిసరాల విజ్ఞానం తెలుగులో చెబుతూనే, రోజూ ఒక గంట ఇలా కథలకూ కబుర్లకూ ఇవ్వొచ్చు. తెలుగు మీడియంలో చదివొచ్చిన టీచర్లకు నాలుగు రోజుల ట్రైనింగ్ చాలదు. వాళ్లు ముందు టెన్షన్ లేకుండా మాట్లాడగలగాలి. బడ్జెట్‌లో మొదటి ఖర్చు అక్కడే పెట్టాలి.