4.11 దొరవారి సముఖమునకు

మహారాజశ్రీ వెనక యాక్సిల్‌ల కొలువుదీరిన 4.11 క్రౌన్-పినియన్ దొరవారికి, పాత షెవ్రొలే ఇంపాలా కారు ఇంజిన్ తరఫున పెట్టుకునే అర్జీ. "నీ బాంచెన్" అని మొదలుపెట్టేది ఉండె గని, నల్లగొండ జిల్లాల ఆ మాటకు కాలం చెల్లి మస్తు రోజులైంది.

తమరి పినియన్‌కు, అంటే చిన్న పళ్లచక్రానికి 9 పళ్లు, క్రౌన్‌కు, అంటే పెద్దదానికి 37; భాగిస్తే వచ్చేదే 4.11. చక్రం ఒక్కసారి తిరగాలంటే గేరు డబ్బా నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ నాలుగు చుట్లు దాటి తిరగాలె. 26 అంగుళాల ఎత్తు టైరు నిమిషానికి సుమారు 805 చుట్లు తిరిగితే బండి గంటకు 100 కిలోమీటర్లు పోతది. రెండే గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ డబ్బాల టాప్ గేరంటే ఒకటికి ఒకటి, కాబట్టి ఇంజిన్ నిమిషానికి 3,309 చుట్లు తిరగాల్సిందే. చౌటుప్పల్ దాటినంక సూర్యాపేట దాక ఆపకుండ అదే వెట్టి. పెట్రోల్ ఖర్చు ఓనరుది, చప్పుడు చెవులది, దర్పం మాత్రం తమరిది.

ఇంత జరిగినా ఓనరుకు తమరి మీద అనుమానం రాదు. "ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజిన్ కంటే షాఫ్ట్‌ను ఎక్కువ తిప్పే గేరు ఉన్న ఆటోమేటిక్ డబ్బా ఎక్కిస్తే అన్నీ సక్కగైతయి" అంటడు. 1982ల వచ్చిన 700ఆర్4 అనే డబ్బా తెప్పిస్తడు. దాని నాలుగో గేరు 0.70, అంటే 3,309 కాస్త 2,316కు దిగుతది. ఇక్కడిదాక లెక్క బాగనే ఉన్నది. గని అదే డబ్బాల మొదటి గేరు 3.06. తమరితోని గుణిస్తే 12.58! ఇంజిన్ 3,000కు చేరేసరికి బండి ఇంకా 30 కూడ దాటదు. గడియారం సెంటర్ల పచ్చలైటు పడ్డంక బండి సగం రోడ్డు దాటకముందే మొదటి గేరు పని ఖతం. ఆ మీద రెండో గేరు 1.63 కాబట్టి ఇంజిన్ చుట్లు దబ్బున సగానికి పడ్తయి. తొక్కితే టైరు జారుతది, తొక్కకపోతే బండి ఊగుతది.

ఇగ తమరిని గద్దె దింపి 3.08ని కూసోబెట్టేటోళ్ల తెలివి ఇంకో తీరు. 700ఆర్4తోని నూరు మీద 1,736 చుట్లే, ఎంత సల్లగున్నదో అని మురుస్తరు. మన రోడ్ల మీద ట్రాక్టర్లు, బర్లు, అడ్డంగ తిరిగే ఆటోల నడుమ ఎక్కువసేపు నడిచేది 80లనే గదా. 80 మీద ఓవర్‌డ్రైవ్‌ల ఆ జోడి తిరిగేది 1,390. 283 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌కు అక్కడ లాగే సత్తా ఉండదు. చిన్న ఎత్తు వస్తే మూడుకు దిగుతది, దిగంగనే మళ్ల నాలుగుకు ఎక్కుతది. ఈ ఎక్కుడు దిగుడుల కన్వర్టర్ (ఇంజిన్ తిప్పుడును ఆయిల్‌తోని డబ్బాకు అందించేది) లాకప్ పడుకుంట ఊడుకుంట ఉంటది, ఆయిల్ కాగుతది.

మామూలు క్యామ్ ఉన్న ఇంజిన్‌కు, 700ఆర్4కు 3.55 సరైన జోడి. మొదటి గేరు మొత్తం 10.86, నూరు మీద 2,000, ఎనభై మీద 1,600. 3.42 గాని 3.73 గాని దొరికినా పర్వాలేదు. తమరిని దించుడు మనసొప్పనోళ్లు 200-4ఆర్ డబ్బా కొనాలె. దాని మొదటి గేరు 2.74, నాలుగోది 0.67. తమరితోని 11.26 అయితది, నూరు మీద 2,217. పొడుగు కూడ పాత టీహెచ్350 డబ్బా అంతనే; డబ్బాను మోసే అడ్డదూలం, క్రాస్‌మెంబర్ మాత్రం వెనక్కు జరపాలె.

ఈ లెక్కలకు ముందు తమరు నిజంగ 4.11 అవునా కాదా తేల్చుకోవాలె. యాక్సిల్ మీద బిళ్లను నమ్మేది లేదు. మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేరే వేరే తిరగనిచ్చేది) అయితే ఒక చక్రం కదలకుండ బిగించి, రెండోది లేపి రెండు నిండు చుట్లు తిప్పాలె. షాఫ్ట్ మీద సుద్దగీత నాలుగు దాటి కొంచెం పోతే తమరే. మూడున్నర అయితే ఇన్నేండ్లు తమరి పేరు మీద ఇంకెవరో రాజ్యం జేసిండ్రన్నట్టు.

డబ్బా పాడుచేసేది మాత్రం ఎక్కువసార్లు తమరు గాదు, కార్బొరేటర్ పక్కన ఉన్న సన్నటి టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్. దాన్ని చూసి "కిక్‌డౌన్ వైరే గదా, తర్వాత చూద్దాం" అంటరు. 700ఆర్4లగాని 200-4ఆర్‌లగాని లోపలి ఆయిల్ ప్రెషర్‌ను పెంచేది అదే. వదులుంటే ప్రెషర్ తక్కువైతది, గేర్లు తొందరపడి మెత్తగ పడ్తయి. "ఎంత స్మూత్‌గున్నదో" అని మెచ్చుకునేలోపల క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతయి. స్లైడర్ మీది మీట నొక్కి, స్లైడర్‌ను కార్బొరేటర్‌కు ఉల్టా దిక్కు పూర్తిగ తోసి, మీట వదిలి, యాక్సిలరేటర్‌ను అడుగుదాక తొక్కిస్తే టకటకమని అదే సర్దుకుంటది. పాత కార్బొరేటర్‌కు సరైన బ్రాకెట్ లేకుంటే ఈ సర్దుడంత దండగ. ప్రెషర్ గేజ్ పెట్టి చూడకుండ రోడ్డెక్కించొద్దు.

కన్వర్టర్‌ను డబ్బా పంపు లోపలికి పూర్తిగ దిగేదాక తిప్పుకుంట తోయాలె. డబ్బా ఇంజిన్‌కు ఆనినంక కన్వర్టర్‌కు, ఇంజిన్ వెనకున్న ఫ్లెక్స్ ప్లేటుకు నడుమ 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు కనపడాలె. సందు లేకుండ బోల్టులతోని గుంజితే పంపు పగులుతది. రేడియేటర్ లోపలి కూలర్ ఒక్కటే సాలదు. మే నెల నల్లగొండ ఎండల ఆ నీళ్లే మరుగుతుంటయి, ముందట గాలికి ఇంకో కూలర్ పెట్టాలె. దోమలపెంట దాటినంక శ్రీశైలం ఘాట్‌ల నాలుగో గేరును ముట్టొద్దు, మూడుల పెట్టుకోని దిగాలె.

తమరి పదవీవిరమణ కూడ అంత సులువు గాదు. 1964 దాక వచ్చిన పెద్ద షెవ్రొలేలల డిఫరెన్షియల్ మొత్తం ముందువైపుకు ఊడొస్తది, బల్ల మీద పెట్టి సర్దుకోవచ్చు. క్రౌన్‌కు, పినియన్‌కు నడుమ ఆట 6 నుంచి 10 థౌ (అంగుళంల వెయ్యో వంతులు). పళ్లకు రంగు పూసి తిప్పితే ముద్ర పంటి నడుమ పడాలె. అంచుకు పడితే షిమ్ములు, అంటే పల్చటి రేకులు మార్చాలె. పాత క్రష్ స్లీవ్‌ను (బిగిస్తే నలిగే గొట్టాన్ని) మళ్ల వాడితే పినియన్ బేరింగ్ వదులై, ఊళ్లె అందరికి వినపడేటట్టు ఊళ వేస్తది. షాఫ్ట్ కొలిచేది డబ్బా బిగించినంకనే, షాఫ్ట్ ముందు కొనకున్న యోక్ అడుగుకు తగలకుండ ఒక అంగుళం వదలాలె. ముందే లేత్‌ల కోయిస్తే మళ్ల ఇంకో షాఫ్ట్ కొనాలె.

ఇంకొక్కటి. తమరు పోయి 3.55 వచ్చినంక డబ్బా వెనకున్న స్పీడోమీటర్ పళ్లచక్రం కూడ తక్కువ పళ్లదానికి మార్చాలె. లేకుంటే బండి 62 మైళ్ల (100 కిలోమీటర్ల) మీద పోతుంటే ముల్లు 54 కాడ నిలబడ్తది. హైవే మీద కెమెరాలకు ముల్లుతోని పని లేదు. చలానా మాత్రం ఇంజిన్ పేరు మీద గాదు, ఓనరు పేరు మీదనే వస్తది.

ఇట్లు,
ఇంజిన్ తరఫు వకాల్తాదారు,
నార్కట్‌పల్లి చౌరస్తా.