గాంబుల్ వారి బంగళా గారికి, వాసాల లెక్క గురించి

మహారాజశ్రీ గాంబుల్ వారి బంగళా గారి సముఖానికి,
నంబరు 4, వెస్ట్‌మోర్‌లాండ్ ప్లేస్, పాసడీనా, కాలిఫోర్నియా.

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. నూట పదిహేనేళ్లు దాటిన తమరూ క్షేమమేనని ఫొటోలు చూసి సంతోషించాను. చూరు దాటి బయటికి పొడుచుకొచ్చిన మీ వాసాలు చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. మీ ఇంట నేను మంచినీళ్లయినా తాగలేదు కాబట్టి నాకా మొహమాటం లేదు.

ముందు పేరు సంగతి. బెంగాల్ పల్లెల్లోని పూరిళ్లను చూసి దొరలు నేర్చుకున్న మాట బంగళా. మా దగ్గరికి వచ్చేసరికి అది కలెక్టరు గారి భవనమైంది. అమెరికా చేరాక మళ్లీ చిక్కిపోయి, గుమాస్తాలు కొనుక్కునే చిన్న ఇల్లయింది. 1908లో సియర్స్ కంపెనీ అలాంటి ఇళ్లను కేటలాగులో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ ఏడాదే తమరు మూడంతస్తులతో లేవడం మొదలుపెట్టారు. మిమ్మల్నీ బంగళా అనే పిలుస్తారు. కాకపోతే మర్యాద కోసం ముందు ‘పరాకాష్ఠ’ అని ఒక విశేషణం తగిలిస్తారు.

మీ మతం నిరాడంబరత. సాదా బతుకు, చేతిపని, కల్లాకపటం లేని కట్టడం. ఈ మతానికి పేరు తెచ్చిన ‘ది క్రాఫ్ట్స్‌మన్’ పత్రికను 1901లో పెట్టిన గుస్టావ్ స్టిక్లీ, నిరాడంబరతను అమ్మడానికి 1913లో న్యూయార్కులో పన్నెండంతస్తుల భవనంలో దుకాణం తెరిచి, 1915లో దివాలా తీశాడు. మీ యజమానికి ఆ భయం లేదు. సిన్సినాటి చలి తప్పించుకోవడానికి వచ్చిన డేవిడ్ గాంబుల్ గారి వెనక ప్రాక్టర్ అండ్ గాంబుల్ సబ్బుల కంపెనీ ఉంది. నీళ్లలో మునగని ఐవరీ సబ్బు చేతిలో ఉన్నవాణ్ని నిరాడంబరత ఏం ముంచుతుంది? మా ఇంట్లో బట్టలు ఉతికే ఏరియల్ కూడా ఆ కంపెనీదే. మీ పునాదిలో మా చందా లేదు గానీ, దూరపు చుట్టరికం ఉన్నట్టే.

ఇక మీ మెట్ల దగ్గర కాసేపు ఆగాలి. టేకు కర్ర. ఎక్కడా కోసుకునే అంచు లేదు, ప్రతి కొసనూ నదిలో దొర్లిన రాయిలా గుండ్రం చేశారు. ఒక కమ్మీ ఇంకో కమ్మీలోకి వేళ్లు జొనిపినట్టు దిగిపోతుంది. అతుకుల మీద నల్లని ఎబొనీ కర్ర బిళ్లలు. చూసినవాళ్లు “ఒక్క మేకు లేకుండా కట్టారే!” అని నోరు తెరుస్తారు. మీ నక్షాలు గీసిన ఆర్కిటెక్టులు గ్రీన్ సోదరులు, ఛార్లెస్, హెన్రీ, తమ పనుల్లో పెట్టిన ఆ బిళ్లల్లో చాలావాటి కింద బుద్ధిగా ఒక స్క్రూ కూర్చుని ఉంటుంది. కల్లాకపటం లేని కట్టడమంటే ఇదేనా అండీ? మా వడ్రంగి స్క్రూ గుంతలో రంపపు పొట్టూ ఫెవికాలూ కలిపి పూస్తే మాత్రం వెధవ పని అంటాం. అందంగా దాస్తే కళ!

మీ చూరూ దూలాలూ చూస్తే జపాన్ గుర్తుకొస్తుంది. ఆ అన్నదమ్ములు జపాన్ గడప తొక్కలేదు. 1893లో పాసడీనాకు వస్తూ దారిలో చికాగో ప్రపంచ ప్రదర్శనలో జపాన్ మంటపం చూశారంటారు. చెక్కపని చేయించిన హాల్ సోదరులు స్వీడన్‌లో పుట్టినవాళ్లు. జపాన్ కూలీలు ఇక రాకుండా అమెరికా ఆ దేశంతో ఒప్పందం కుదుర్చుకున్నదేమో 1907లో, అంటే మీ నక్షాలు గీస్తున్న రోజుల్లో. 1913 నాటికి అక్కడి జపానీయులు కాలిఫోర్నియాలో సాగుభూమి కొనే వీలూ లేకుండా చట్టం వచ్చింది. చూరు కావాలి, మనుషులు వద్దు. మీ తప్పేమీ లేదులెండి, ఇళ్లను అడిగి చట్టాలు చేయరు.

వాసాల లెక్క మరిచిపోలేదు. అందం కోసం కప్పు దాటి బయటికి చాచిన ఆ కొసలు ఎండకూ వానకూ పుచ్చిపోయాయి. 2003-04లో పెద్ద ఎత్తున వైద్యం చేయించాల్సి వచ్చింది. లోపల ఉండవలసిన వాసం లోపల ఉంటే ఈ ఖర్చు ఉండేదా? మూడో అంతస్తు సంగతీ అంతే. నక్షాలో బిలియర్డ్స్ గది, వాడకంలో అటక. ఈ ఒక్క విషయంలో మాత్రం తమరు అచ్చం మా ఇల్లే.

అయినా ఒక్క కథకు తలవంచుతాను. 1946 నుంచి ఇంట్లో ఉన్న డేవిడ్ గారి కొడుకు సెసిల్, కోడలు లూయీస్ మిమ్మల్ని అమ్మేద్దామనుకున్నారట. కొనడానికి వచ్చినవాళ్లు, ఈ చెక్కంతా నల్లగా ఉంది, తెల్ల రంగు వేయిద్దామని గుసగుసలాడుకోవడం చెవినపడి బేరం మానుకున్నారని చెబుతారు. 1966లో కుటుంబం మిమ్మల్ని పాసడీనా నగరానికి అప్పగించింది. తర్వాత ఏళ్ల తరబడి ఏటా ఇద్దరు ఆర్కిటెక్చర్ విద్యార్థులు మీ ఇంట్లోనే కాపురం ఉన్నారు. నాకూ ఒక ఏడాది గది దొరుకుతుందేమో కనుక్కుందామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రాస్తూ తలెత్తి మా హాలు చూసుకున్నాక ఆశ వదులుకున్నాను.

ఇట్లు,
మొన్ననే తాతగారి టేకు తలుపులకు తెల్ల ఎనామిల్ వేయించిన
విధేయుడు