‘పాత అమెరికన్ డ్రామాలన్నీ ఆస్కార్ల పుణ్యమే’ అంటే ఒప్పుకోను

కొన్నాళ్లుగా సినిమా గ్రూపుల్లో ఒక పోస్టు చక్కర్లు కొడుతోంది. రాసిందెవరో తెలీదు గానీ, పంపేవాళ్లంతా "అక్షరసత్యం" అని తగిలించి మరీ పంపుతున్నారు. అందులో ఉన్నది ఇదీ: మనం నెత్తిన పెట్టుకునే పాత అమెరికన్ డ్రామా సినిమాలను నిలబెట్టింది వాటి గొప్పతనం కాదు, ఆస్కార్లూ స్టూడియోల ప్రచారమూ. అవి కెమెరా ముందు ఆడిన నాటకాలు, మాటలు తప్ప సినిమా ఏమీ ఉండదు. చివరికి అన్నీ చక్కబడతాయి కాబట్టి జనానికి హాయి. అమెరికావాళ్లకు అది పాతరోజుల మోజు, మనకు అరువు మోజు. ఇవాళ రిలీజైతే రెండో రోజే థియేటర్ల నుంచి ఎత్తేస్తారు.

ఉదాహరణకంటూ అందులో పేరుపెట్టి తిట్టిన నాలుగూ నాకు బాగా ఇష్టమైనవే: ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ (1946), ట్వెల్వ్ యాంగ్రీ మెన్ (1957), క్రేమర్ వర్సెస్ క్రేమర్ (1979), ది షాషాంక్ రిడెంప్షన్ (1994). ఊరుకోబుద్ధి కాలేదు.

ఆస్కార్ల సంగతి చిటికెలో తేలిపోతుంది. షాషాంక్ 7 విభాగాల్లో నామినేట్ అయి ఒక్కటీ గెలవలేదు. ట్వెల్వ్ యాంగ్రీ మెన్‌కి మూడు నామినేషన్లు, గెలిచింది సున్నా. వండర్‌ఫుల్ లైఫ్‌కి దక్కిందల్లా సెట్లో కృత్రిమ మంచు కురిపించే పద్ధతి కనిపెట్టినందుకు ఒక సాంకేతిక గౌరవం. పోనీ ఆస్కారే నిలబెడుతుందనుకుంటే, 1952కి ఉత్తమ చిత్రంగా గెలిచిన ది గ్రేటెస్ట్ షో ఆన్ ఎర్త్ అనే సర్కస్ సినిమాను ఇష్టంగా మళ్లీ మళ్లీ చూసేవాళ్లు మీకెవరైనా తగిలారా? నాకు తగల్లేదు. క్రేమర్ ఒక్కటే పోస్టు వైపు సాక్ష్యం చెబుతుంది. దానికి 5 ఆస్కార్లు వచ్చాయి, ఆ ఏడాది అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ వసూళ్లూ దానివే. సరే, నాలుగింట్లో ఒకటి.

ప్రచారం మాట ఇంకా తమాషా. షాషాంక్ మీద పెట్టింది 2.5 కోట్ల డాలర్లు. మొదటి విడతలో వచ్చింది 1.6 కోట్లు. నామినేషన్ల తర్వాత మళ్లీ వేస్తే ఏదో కాస్త కోలుకుంది. దాన్ని ఇంటింటికీ తీసుకెళ్లింది వీడియో క్యాసెట్లూ, 1997 నుంచి తెగ వేసిన కేబుల్ ఛానలూ. వండర్‌ఫుల్ లైఫ్ విడుదలైనప్పుడు నష్టపోయింది. 1974లో దాని కాపీరైట్ రెన్యువల్ చేయించాల్సినవాళ్లు చేయించలేదు. దాంతో ఊరూరి టీవీ స్టేషన్లు పైసా కట్టకుండా క్రిస్మస్ రోజుల్లో వేసుకోవడం మొదలుపెట్టాయి. 1993లో కథ, సంగీతాల హక్కుల ఆధారంగా హక్కుదారులు సినిమాను వెనక్కి తెచ్చుకునేదాకా అలా నడిచింది. ఇందులో స్టూడియో తెలివి ఎక్కడుంది?

"అయితే అది అదృష్టం, గొప్పతనం కాదుగా" అంటారేమో. సగం నిజం. కానీ అలా రెన్యువల్ కాక ఫ్రీ అయిపోయిన పాత సినిమాలు ఇంకా బోలెడున్నాయి. వాటినీ ఊరికే వేసుకోవచ్చు. వాటిలో ఏది పండగ అలవాటైంది? ఉచితం కాబట్టి టీవీవాడు ఒకసారి వేస్తాడు, మనం ఒకసారి చూస్తాం. పదోసారి కూడా రిమోట్ పక్కన పెట్టించేది మాత్రం సినిమాయే.

ఇక "కెమెరా ముందు ఆడిన నాటకం" దగ్గరికి వద్దాం. నన్ను ఎక్కువగా కుట్టిన మాట ఇదే. ట్వెల్వ్ యాంగ్రీ మెన్ నిజంగానే 1954లో టీవీ నాటకంగా వచ్చిన కథ. రెజినాల్డ్ రోజ్ రాశాడు. తండ్రిని పొడిచి చంపాడన్న నేరం మీద విచారణలో ఉన్న ఒక కుర్రాడు దోషా కాదా అని పన్నెండుమంది జ్యూరీ సభ్యులు, అంటే తీర్పు చెప్పడానికి కోర్టు పిలిచిన మామూలు పౌరులు, వాదించుకుంటారు. దోషి అంటే మరణశిక్షే. గంటన్నర సినిమా, దాదాపు మొత్తం ఒకే గదిలో. ఇలాంటి కథ చేతికిస్తే కెమెరాను ఒక మూలన నిలబెట్టి మాటలు రికార్డు చేసుకుని ఇంటికెళ్లిపోవచ్చు. సిడ్నీ లూమెట్‌కి ఇది మొదటి సినిమా. ఏం చేశాడో ఈసారి చూసినప్పుడు గమనించండి. మొదటి మూడోవంతులో కెమెరా ఆ మనుషుల కళ్లకన్నా ఎత్తులో ఉండి కిందికి చూస్తుంది, గది విశాలంగా ఉంటుంది. మధ్య భాగంలో కళ్ల ఎత్తుకు దిగుతుంది. చివరికొచ్చేసరికి ఇంకా కిందికి దిగి పైకి చూస్తుంది, దాంతో నెత్తిమీది సీలింగ్ కూడా ఫ్రేములోకి వచ్చేస్తుంది. పైగా సినిమా నడిచేకొద్దీ లెన్సు ఫోకల్ లెంగ్త్ పెంచుకుంటూ పోయాడు, అంటే దూరంలోవాటిని దగ్గరికి లాగే లెన్సులు వాడాడు. వెనక గోడలు మనుషుల వీపులకు అంటుకున్నట్టు అవుతాయి. మనకు ఊపిరాడదు, ఎందుకో తెలీదు. తీర్పు అయ్యాక బయట మెట్ల మీదికి రాగానే ఒక్కసారి వైడ్ లెన్సు, పైనుంచి షాటు. అప్పుడు గాలి పీల్చుకుంటాం. ఇది స్టేజీ మీద ఎలా చేస్తారో ఆ పోస్టు రాసినాయన చెప్పాలి.

అదే సినిమాలో కళ్లజోడు పెట్టుకున్న నాలుగో సభ్యుడున్నాడు. అందరూ చెమటతో తడిసిపోతుంటే కోటు కూడా విప్పడు, నాకు చెమట పట్టదంటాడు. కొన్ని రాత్రుల కిందట మీరు చూసిన రెండో సినిమా పేరేమిటి, అందులో ఎవరు నటించారు అని అడిగితే తడబడతాడు. నుదుటి మీద చెమట చుక్క మెరుస్తుంది. అతనా చెమట గురించి ఒక్క మాట కూడా అనడు.

క్రేమర్‌లో భార్య వెళ్లిపోయిన మర్నాడు తండ్రి కొడుక్కి ఫ్రెంచ్ టోస్ట్ చేయబోతాడు. బ్రెడ్డు ముక్క కప్పులో పట్టక మడిచి కుక్కుతాడు, వాగుతూనే ఉంటాడు, చెయ్యి కాల్చుకుంటాడు. సినిమా చివర, కస్టడీ కేసు ఓడిపోయి పిల్లాణ్ని తల్లికి అప్పగించాల్సిన రోజు పొద్దున, అదే వంటగదిలో అదే టోస్ట్ ఇద్దరూ కలిసి చేస్తారు. ఒకరు గుడ్డు కొడితే ఇంకొకరు గిలక్కొడతారు. మాట లేదు. ఆ రెండు సీన్ల మధ్య వాళ్లు గడిపిన రోజులన్నీ ఆ చేతుల్లోనే తెలిసిపోతాయి. మాటలు తప్ప ఏమీ ఉండదన్నది ఈ సినిమా గురించేనా?

"చివరికి అన్నీ చక్కబడతాయి" అనేది సినిమాలు సగం చూసినవాళ్ల మాట. వండర్‌ఫుల్ లైఫ్‌లో ఊళ్లో పొదుపు-రుణ సంస్థ నడిపే హీరో జార్జ్ బెయిలీని ఊరంతా చందాలేసుకుని గట్టెక్కిస్తుంది, నిజమే. మరి ఆ సంస్థ డబ్బు 8,000 డాలర్లు నొక్కేసిన ధనవంతుడు పాటర్? పట్టుబడడు. శిక్ష లేదు, తిట్టు కూడా లేదు. డబ్బు అతని దగ్గరే ఉండిపోతుంది, సినిమా అయిపోతుంది. మన సినిమాల్లో అయితే ఆఖరి రీల్లో పోలీసు జీపు వచ్చి తీరాలి! ఊరొదిలి ప్రపంచం చూడాలన్న జార్జ్ కోరికా తీరదు. పిల్లలతో కలిసి చూస్తే పండగ సినిమా. నలభై దాటాక ఒంటరిగా చూస్తే, చేయాలనుకున్నవేవీ చేయలేకపోయిన మనిషి కథ.

జ్యూరీ సినిమాలో ఆ కుర్రాడు హత్య చేశాడా లేదా అన్నది ఎప్పటికీ తేలదు. తేలింది అనుమానానికి తావుందని మాత్రమే. ఒప్పుకుంటున్నా, జైలు కథ షాషాంక్‌లో చివరి సముద్రతీరం తీపిదే, కొంచెం ఎక్కువే తీపి. కానీ అక్కడికి చేరేలోపు బ్రూక్స్ ఉన్నాడు. యాభై ఏళ్లు జైల్లో ఉండి బయటికొచ్చి, బతకడం చేతకాక ఉరేసుకున్న ముసలాయన. రెడ్ అనే ఖైదీకి పెరోల్ (గడువుకు ముందే షరతుల మీద విడుదల) విచారణలు మూడున్నాయి, పదేసి ఏళ్ల తేడాతో. మొదటి రెండుసార్లు బోర్డు వినాలనుకునే మాటలు వినయంగా చెబుతాడు, తిరస్కరిస్తారు. మూడోసారి విసిగిపోయి ఉన్నమాట అనేస్తాడు, మీరేం రాసుకున్నా నాకు పట్టదంటాడు. వదిలేస్తారు. ఆ వదిలేయడంలో న్యాయం ఉందా, వెటకారం ఉందా? నాకింకా తెగలేదు. తెగలేదు కాబట్టే మళ్లీ చూస్తాను.

అరువు మోజు అన్నది మాత్రం కాస్త ఆలోచించాల్సిందే. ఐఎండీబీ అనే సినిమా వెబ్‌సైట్ లిస్టు ముందుపెట్టుకుని టిక్కులు కొట్టుకునేవాళ్లు మనలో ఉన్నారు, కాదనను. ట్వెల్వ్ యాంగ్రీ మెన్ గదిలో ఉన్నదీ పన్నెండుమంది తెల్ల మగవాళ్లే. ఆ లోటు ఇవాళ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కానీ పాతరోజుల మీద మోజే అయితే బాసు చటర్జీ 1986లో అదే కథను ఏక్ రుకా హువా ఫైస్లా పేరుతో హిందీలో ఎందుకు తీస్తాడు? 2007లో రష్యాలో నికితా మిఖల్కోవ్ ఎందుకు తీస్తాడు? వాళ్లకు 1957 నాటి న్యూయార్క్ మీద బెంగేమీ ఉండదుగా.

వండర్‌ఫుల్ లైఫ్‌లో జనం డిపాజిట్ల కోసం ఎగబడే సీను తీసుకోండి. జార్జ్ హనీమూన్‌కి దాచుకున్న 2,000 డాలర్లు కౌంటర్ మీద పెడతాడు. మొదటివాడు ఖాతా మూసేస్తానంటూ 242 డాలర్లూ పట్టుకుపోతాడు. తర్వాత ఒకావిడ బిడియంగా పదిహేడున్నర చాలంటుంది. సహకార బ్యాంకు షట్టర్ పడిందన్న కబురు విని పాస్‌బుక్కు పట్టుకుని పరుగెత్తిన ఇళ్లు తెలుగునాట తక్కువేం లేవు. ఆ క్యూలో ఈ ఇద్దరూ ఎవరో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మిగిలింది, ఇవాళ రిలీజైతే రెండో రోజే ఎత్తేస్తారన్నది. అది ఒప్పుకుంటాను. వండర్‌ఫుల్ లైఫ్‌కీ షాషాంక్‌కీ రిలీజైన నాడే అంతపనీ జరిగింది.