పసివాడి పేగులో కిరాయిదారులకు అన్నదానం

1885లో థియోడోర్ ఎషెరిక్ అనే పిల్లల వైద్యుడు పసికందుల మలాన్ని ఓపికగా పరీక్షించి, అందులో ఒక బ్యాక్టీరియాను కనుగొన్నాడు. తరువాతి కాలంలో శాస్త్రలోకం దానికి ఆయన పేరే పెట్టి ఎషెరికియా కోలై, పొట్టిగా ఈ-కోలై అంది. గౌరవం దక్కింది వైద్యుడికో బ్యాక్టీరియాకో ఇప్పటికీ తేలలేదు. ఆ ఈ-కోలై గారికి దాదాపు నూట ముప్ఫై ఏళ్ల సర్వీసు తరువాత, పొత్తిగుడ్డల నుంచి నేరుగా పసిపిల్లల పాలపొడి వంటశాలకు పదోన్నతి లభించింది.

అక్కడ వండవలసిన పదార్థం రెండు-ప్రైమ్-ఫ్యూకోసిల్‌లాక్టోజ్. చాలామంది తల్లుల పాలలోని సంక్లిష్ట చక్కెరల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఇదే. ఆవుపాలలో ఈ జాతి చక్కెరలు లేశమాత్రమే కనుక కొట్టం నిండా ఆవులున్నా లాభం లేదు. అందుచేత పెద్ద పెద్ద తొట్లలో ఈ-కోలైని పెంచి, దానికి పాలలో మామూలుగా ఉండే చక్కెర లాక్టోజ్ అందిస్తారు. వంటవాడే సరుకు తినేస్తే ఎలాగన్న చింత లేకుండా, లాక్టోజ్‌ను విరగ్గొట్టే జన్యువును ముందుగానే తొలగిస్తారు. కళ్లంలో తిరిగే ఎద్దు మూతికి చిక్కం కట్టిన మన తాతలకు ఈ ఉపాయం వింతగా తోచదు. కాకపోతే వారు సాయంత్రానికి చిక్కం విప్పేవారు, ఇక్కడ ఆ ఆనవాయితీ లేదు. ఇక లాక్టోజ్‌కు ఫ్యూకోజ్ అనే మరో చక్కెరను అతికించే ఎంజైము కోసం, కడుపులో పుండ్లు పెట్టడమే వృత్తిగా గల హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే మరో బ్యాక్టీరియా నుంచి ఒక జన్యువును అరువు తెచ్చారు. ఈ ఇద్దరు పెద్దమనుషులు కలిసి వండినదాన్ని, వంటవాడి ఆనవాలు మిగలకుండా వడగట్టి, తెల్లని పొడి చేస్తారు. 2015లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై తమకు ప్రశ్నలేమీ లేవని లేఖ ఇచ్చింది. ప్రశ్నలన్నీ నాకే మిగిలాయి.

ఇంతా చేసి, ఈ చక్కెరను పసివాడు అరిగించుకోలేడు. ఈ తతంగమంతా అతని పెద్దపేగులో కిరాయికుండే బిఫిడోబ్యాక్టీరియా అనే మంచి సూక్ష్మజీవుల కోసం. లీటరు తల్లిపాలలో 5 నుంచి 15 గ్రాముల దాకా ఇటువంటి చక్కెరలుంటాయి. అంటే పురిటి నీరసంలో ఉన్న తల్లి, బిడ్డకే కాక బిడ్డ ఇంట్లో అద్దెకున్నవారికి కూడా రోజూ విస్తరి వేస్తోంది. వారు అద్దె కింద ఆమ్లాలు తయారుచేసి, చెడ్డ సూక్ష్మజీవులను గుమ్మం ఎక్కనివ్వరు.

ఈ చక్కెరలు మరింత దండిగా ఉండేది తల్లి ముర్రుపాలలో. మా పెద్దమ్మ, మనవడికి అవి పడవని పిండి పారబోయించి, అదే వారం పక్కింటి గేదె ఈనిందని తెలియగానే గిన్నె పంపి ముర్రుపాలు తెప్పించి, బెల్లమూ మిరియాలపొడీ వేసి జున్ను వండింది. మనవడికి అమెరికా నుంచి పాలపొడి డబ్బా వచ్చింది. దాని వెనుక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఆ చక్కెర పేరును నేను కూడబలుక్కుని చదివి వినిపించగా, “ఇంత పొడుగు పేరుందంటే మంచి సరుకే అయ్యుంటుందిరా” అని తృప్తిపడి, నాకు మరో జున్నుముక్క వడ్డించింది.