వాయిద్యం కొన్నవాడు వాయించాలని ఎక్కడ రాసి ఉంది?

ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొన్నవాణ్ని చూడగానే లోకం అడిగే మొదటి మాట: "ఏదీ, ఒకసారి వాయించు." ఇంత అనాగరికమైన కోరిక మరొకటి లేదు. నేను కొని ఏడు నెలలయింది. ఏడు నెలలుగా రివర్బ్, అంటే దెబ్బ తరువాత గదిలో మిగిలే మోత, సరిచేస్తున్నాను. అది కుదిరాక వాయించే సంగతి చూద్దాం.

తెలియనివారికి కొంత వివరిస్తాను. రబ్బరు పలకను కర్రతో కొడితే వచ్చేది చపాతీ పీటకు అప్పడాల కర్ర తగిలిన చప్పుడు మాత్రమే. దాన్ని డ్రమ్ముగా మార్చేది పక్కనున్న చిన్న పెట్టె. అందులో ముందు గదిని ఎంచుకోవాలి: చిన్న గది, హాలు, చర్చి, స్టేడియం. రెండు పడకగదుల ఫ్లాటుకు ఇరవై ఏళ్ల వాయిదాలు కడుతున్నవాడికి, మీట తిప్పితే స్టేడియం దక్కుతుంటే వదులుకుంటాడా? ఆపైన డికే, అంటే మోత ఎంతసేపట్లో అణగాలన్నది. ఆపైన ప్రీ డిలే, అంటే దెబ్బకూ మొదటి మోతకూ మధ్య ఎడం. ధ్వని మిల్లీ సెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. 20 మిల్లీ సెకన్లు పెడితే, పోయి రావాలి కాబట్టి, ఎదుటి గోడ సుమారు మూడున్నర మీటర్ల దూరాన ఉన్నట్టు. 21 పెడితే గోడ జానెడు వెనక్కి జరుగుతుంది. నిన్న రాత్రంతా నేను గోడను జరుపుతూనే ఉన్నాను. ఇంట్లోవాళ్లు మాత్రం ఊరికే కూర్చున్నానంటారు.

మా మామయ్య మృదంగం వాయిస్తారు. ఎడమవైపు తడి రవ్వముద్ద అద్దుతారు, కుడివైపు అంచున రాయితో నాలుగు దెబ్బలు వేసి శ్రుతి చూసుకుంటారు, వెంటనే మొదలుపెట్టేస్తారు. డప్పు కళాకారులూ అంతే, మంట దగ్గర డప్పు కాచడం, వాయించడం. ఇంత తొందరపాటు మనుషుల చేతుల్లో లయ ఇన్నాళ్లు ఎలా బతికిందో నాకు అర్థం కాదు. ఆయన బలవంతం మీదే ఒకరోజు స్పీకరు కలిపి ఆదితాళానికి సరిగ్గా ఎనిమిది దెబ్బలు కొట్టాను.

"ఏరా, వెనకబడుతున్నావేమిటి?"

"అది డిలే, మామయ్యా."

"డిలే అంటే?"

"ఆలస్యం."

"నేనంటున్నదీ అదే కదరా!"

చరిత్ర మాత్రం నా పక్షమే. ఇంగ్లిష్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ 1980 ఆల్బం కోసం లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తుండగా, లోపలివారి మాటలు వినడానికి పెట్టిన మైకు ఆ మోతను పిండేసి వినిపించింది. ఇంజనీర్ హ్యూ ప్యాడ్‌గమ్ దాన్ని పట్టుకున్నారు. మోత ఒక్కసారిగా ఉబ్బి, తలుపు వేసినట్టు ఠక్కున ఆగిపోయే ఆ గేటెడ్ రివర్బ్ ఆ దశాబ్దాన్ని ఏలింది. అప్పుడు కాలిన్స్ నిజంగా వాయిస్తున్నాడన్న చిన్న వివరాన్ని నా విమర్శకులు పదే పదే ఎత్తిచూపుతుంటారు. అది అప్రస్తుతం.

ఒకే ఒక్క ఇబ్బంది కింది ఇంటివారితో వచ్చింది. నా స్టేడియం నా హెడ్‌ఫోన్లలోనే ఉంటుంది. నేలగుండా వారికి చేరేది ఏ ఎఫెక్టూ సోకని ముడిసరుకు. పరీక్ష కోసం కాలితో మోగించే పెద్ద డ్రమ్ము పెడలు ఒకసారి తొక్కుతాను, రెండు నిమిషాలు ఆలోచిస్తాను, మళ్లీ తొక్కుతాను. వరుసగా వాయిస్తే నిద్రపోయేవారట. తరువాతి దెబ్బ ఎప్పుడు పడుతుందోనన్న ఎదురుచూపే ప్రాణం తీస్తోందని రాత్రి పదిన్నరకు పైకి వచ్చారు. మాట్లాడకుండా హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు తగిలించి పెడలు తొక్కాను. కాసేపు కళ్లు మూసుకున్నారు.

"హాలు కాస్త పెద్దదైందండీ," అని మీట మీద చెయ్యి వేశారు.

అప్పటినుంచి రోజూ భోజనం కాగానే వస్తున్నారు. స్నేర్ డ్రమ్ముకు కంప్రెషన్, అంటే పెద్ద చప్పుళ్లను అణిచే మోతాదు, నాలుగుకు ఒకటి ఉండాలని ఆయన, మూడుకు ఒకటి చాలునని నేను. మంగళవారం నుంచి మాటల్లేవు, అయినా రావడం మానలేదు. కర్రల్లో ఒకటి కనిపించడం లేదు. రెండోది బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా మా ఆవిడ అడ్డుపెట్టింది.